గుర్వమ్మ బిడ్డ రంగు

మా అక్క స్వర్ణ ఆఖరుసారి చేసిన పని ప్రింటర్ సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేయడం.

కార్తీకమాసం, పొద్దున పూట. షట్టర్ అప్పుడే ఎత్తారు. మెట్ల మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ అయి కూర్చుంది. అట్లా అయిన ప్రతిసారీ, రంగుల సంగతి నేనే చూసుకుంటానని ప్రింటర్ చెప్పే గడిలో ఒక టిక్కు వచ్చి చేరుతుంది. ఏళ్ల తరబడి అక్క దాన్ని తీసేస్తూనే ఉంది. ఆ రోజు కూడా తీసేసి, ఎదురుగా కెమెరా సంచి సర్దుకుంటున్న మా బావ శ్రీశైలంతో, "మళ్ల పెట్టిపోయిన్రు చూడు, దొంగసచ్చినోళ్లు" అంది. ఎవరో తాళం తీసుకుని లోపలికి వచ్చి పెట్టిపోయినట్టే అంది. తర్వాత చాయ్ చెప్పమంది. బావ చెప్పి వచ్చేసరికి కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి ఉంది. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు.

ఆఖరి మాట ఏమన్నదని వచ్చినవాళ్లంతా అడిగారు. చాయ్ చెప్పమన్నదని చెబుతాడు బావ. అంతకు ముందు మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఆ ముందు మాటే మా అక్క.

పాలమూరులో క్లాక్ టవర్ దగ్గరి సందులో వాళ్ల స్టూడియో. బావ మంచి ఫొటోగ్రాఫర్. పెళ్లి మండపంలో ఎవరు ఎప్పుడు ఏడుస్తారో ముందే కనిపెట్టి అటు తిరిగి నిలబడేవాడు. కానీ కంప్యూటర్ అంటే భయం. మౌస్ పట్టుకుంటే తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకునేవాడు. మొదట్లో ఫొటోలన్నీ హైదరాబాద్ ల్యాబుకు పంపేవాళ్లు. తెలంగాణ వచ్చిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో సొంతంగా పెద్ద ప్రింటర్ కొన్నారు. అది కంప్యూటర్ మాట వింటుంది. కంప్యూటర్ బావ మాట వినదు. అందుకని ఇంటర్ చదివిన మా అక్క దాని ముందు కూర్చుంది.

ఆమెకు రంగుల శాస్త్రం వచ్చని నేను చెప్పను. రాదు. ఆమెకు వచ్చింది పోట్లాట. ప్రింటర్‌తో, కాగితంతో, కరెంటుతో, సాఫ్ట్‌వేర్ రాసిన ముఖం తెలియని మనుషులతో, వచ్చే గిరాకీలతో. వాట్సాప్‌లో పంపితే ఫొటో పలచబడుతుంది, డాక్యుమెంట్ లెక్క పంపండని చెప్పిచెప్పి ఆమె గొంతు పోయింది. "డాక్యుమెంట్ లెక్క పంపుమంటే ఆధార్ కార్డు పంపుతున్నర్రా తమ్మీ" అని నాకు ఫోన్ చేసి తల కొట్టుకునేది.

పెళ్లివాళ్లు అందరూ అడిగేది ఒకటే: పిల్లను జర తెల్లగ చేయుమని. ఒకసారి దేవరకద్ర వైపు నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు ఆల్బం మొత్తం తిప్పి, ఇంకా తెల్లగ కావాలన్నారు.

"పెండ్లి చేసిన్రా, సున్నం కొట్టిచ్చిన్రా?" అంది అక్క.

వాళ్లకు కోపం వచ్చింది. బావ బతిమాలి కూర్చోబెట్టాడు. పెళ్లికూతురు మాత్రం వెనక కుర్చీలో కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

నేను జడ్చర్లలో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో మాటలన్నీ ఇంగ్లీషు. కనుక సగం సెట్టింగులు నా క్లాసు మధ్యలోనే జరిగేవి. ఫోన్ మోగుతుంది. ఎత్తకపోతే మళ్లీ మోగుతుంది.

"ఒరేయ్, రెండరింగ్ ఇంటెంట్ అంటే ఏందిరా?"

"ఇంటెంట్ అంటే ఉద్దేశం అక్కా."

"ప్రింటర్‌కు ఉద్దేశం ఏందిరా? ఇంకు తాగుడు, కాగితం మింగుడు. గా రెండే దాని ఉద్దేశాలు."

తర్వాత నేనూ చదివి కొంత తెలుసుకున్నాను. తెర రంగులను వెలుగుతో చూపిస్తుంది, ప్రింటర్ ఇంకుతో పోస్తుంది. ఇద్దరి భాషా వేరు. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు ప్రొఫైల్. ఒక్కో కాగితానికి ఒక్కో ప్రొఫైల్. తెరకు విడిగా ఇంకొకటి. దుబాసీ ఒక్కడే ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఒకసారి, ప్రింటర్ ఒకసారి, ఇద్దరూ అదే మాటను తర్జుమా చేశారంటే పెళ్లికొడుకు ముఖం వంకాయ రంగులో బయటికొస్తుంది. అక్క రోజూ తీసేసే టిక్కు ఆ రెండో దుబాసీని బయటికి పంపడానికే.

తెర సరైన రంగు చూపిస్తోందో లేదో కనిపెట్టడానికి ఒక పరికరం ఉంటుంది. కాలిబ్రేటర్ అంటారు. అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ల, అడుగున కన్నులాంటి అద్దం. దాన్ని తెర మీద వేలాడదీస్తే, తెర ఒక్కో రంగూ చూపిస్తుంటే అది కొలుచుకుంటుంది. కొలిచి తెరను సరిదిద్దుతుంది. హైదరాబాద్‌లో ప్రింటర్లు రిపేరు చేసే గోపీకృష్ణ దగ్గర అక్క దాన్ని కొన్నది. ఇంట్లో బంగారం కంటే దాన్నే భద్రంగా పెట్టేది.

కరోనాకు ముందు, ఆ బిళ్ల కొన్న ఏడాదే, దసరా తర్వాత రంగులు తిరగబడ్డాయి. మొదట అక్కకు కూడా తెలియలేదు. తెర మీద పెళ్లి ఫొటోలన్నీ నీలంగా కనబడుతున్నాయని బావను తిట్టింది. "పెండ్లికి పోయినవా, మంచుగడ్డల ఫ్యాక్టరీకి పోయినవా? అందరు సలికి నీలుక్కపోయిన్రు." బావ కెమెరాను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, ఏమీ అర్థంకాక మళ్లీ సంచిలో పెట్టాడు. అక్క తెర మీద ముఖాలకు వెచ్చదనం కలిపి, కలిపి, ముద్రించింది. కాగితం మీద అందరూ పసుపు పచ్చగా వచ్చారు. పెళ్లి ఫొటోలు కదా, నలుగు పెట్టిన ఒళ్లు, పసుపు బట్టలు, బంతిపూలు. ఎవరూ పట్టించుకోలేదు. ఒకరిద్దరైతే బంగారంలా వచ్చాయని మెచ్చుకున్నారు కూడా.

అప్పుడు వచ్చింది గుర్వమ్మ.

భూత్పూర్ అవతల ఊరు ఆమెది. గొర్ల కాపరులు. భర్త కాటమయ్య ఏడాదిలో సగం మంద వెంటే ఉంటాడు. ఒక్కతే బిడ్డ, అక్షిత. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. కిందటి చలికాలం కామెర్లు వచ్చాయి. ముందు పసరు తాగించారు, తర్వాత దవాఖానలో చేర్చారు. దక్కలేదు. మాఘమాసంలో యాడాది దినం చేయాలి. ఆ రోజు చుట్టాలందరి ముందు ఫొటోకు మొదటి పూలదండ వేసి గోడకు పెట్టడం వాళ్ల ఇళ్లలో ఆనవాయితీ. పిల్లది ఉన్న ఫొటో ఒక్కటే. కాలేజీలో బతుకమ్మ ఆడిన రోజు స్నేహితురాలు ఫోన్‌లో తీసింది. తలలో గునుగుపూలు, నవ్వు.

"పెద్దగ చేసి ఇయ్యి చెల్లే. యాడాది నాటికి గోడకు ఉండాలె" అంది గుర్వమ్మ.

అంగడి రోజు మళ్లీ వచ్చింది. అక్క ఫొటో తీసి చేతికిచ్చింది. ఆ రోజు ఏదో సెలవు, నేనూ అక్కడే ఉన్నాను. గుర్వమ్మ చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాం. ఏడవలేదు. ఫొటోను బోర్లించి బల్ల మీద పెట్టింది.

"ఏమైందక్కా, బాగ రాలేదా?"

"గిది దవాఖానల మొఖం."

అక్కకు అర్థం కాలేదు.

"సచ్చేనాడు నా బిడ్డె గిట్లనే ఉండె. కండ్లు, గోర్లు, మొఖం, అంత పచ్చగ. గా మొఖం మరువనీకె నేను యాడాది సంది సూస్తున్న. నువ్వు దాన్నే పెద్దగ చేసి అద్దమేసి ఇస్తున్నవు."

అక్క ఆ ఫొటోను లాక్కుని సొరుగులో పెట్టేసింది. "జర కూసో అక్కా, ఇప్పుడే మళ్ల తీస్త" అంది. తీసింది. అదీ అంతే. కాగితం ప్రింటర్ నుంచి బయటికి వస్తుంటేనే, నుదురు దగ్గరే తెలిసిపోయింది. పూర్తిగా రానివ్వకుండా ఆపేసింది. గుర్వమ్మ ఆ నుదురు వంక చూడకుండా వీధి వైపు తిరిగి కూర్చుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పని. మాఘమాసం లోపల ఆ పిల్ల ముఖం నుంచి పసుపు దిగాలి. మిగతా ప్రపంచమంతా ఆ తర్వాత.

అక్క కాగితం కట్ట మార్చింది. కొత్త కట్టకు కొత్త ప్రొఫైల్ తెచ్చింది. ఇంకు సీసాలు మార్చింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసింది. వేసిన ప్రతిసారీ ఆ టిక్కు వచ్చి కూర్చుంటే తీసేసింది. దుకాణంలో ట్యూబ్‌లైటు రంగు తప్పుదోవ పట్టిస్తోందేమోనని దాన్ని విప్పించింది. ఫొటోలు పట్టుకుని వీధిలోకి పోయి ఎండలో చూసింది. ఎండలో కూడా పచ్చనే. పక్క దుకాణంలో కుక్కర్లు బాగుచేసే ఇస్రాయేలు పిలవకుండానే వచ్చి చూసి, "నేలుసిరి పసరు తాపియ్యరాదు అందర్కి, కామెర్లు దిగుతయి" అన్నాడు. అక్క ఆ ఫొటోతోనే అతన్ని ఈగను తోలినట్టు తోలింది.

గోపీకృష్ణకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది, నేను సాక్షిగా ఉండాలని.

"స్క్రీన్ కాలిబ్రేట్ చేశారా మేడం?"

"పొద్దున లేస్తే అదే పని."

"ఇంకోసారి చేసి చూడండి."

ఫోన్ పెట్టేసి, "దవాఖానకు పోతే డాక్టర్, ఇంటికి పోయి గోలీ ఏసుకొని రా అన్నట్టున్నది వీని యవ్వారం" అంది. కానీ చేసింది. నల్లబిళ్లను తెర మీద వేలాడదీసింది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు చూపిస్తూ పోయింది. చివర 'సరిచేయబడింది' అని వచ్చింది. అక్క ముద్రించింది. పిల్ల పచ్చగా నవ్వుతూ బయటికి వచ్చింది.

బావ ఓపిక పట్టలేకపోయాడు. "జర పసుపు తక్కువ చేసి కొట్టరాదే. అయిపోతది."

"ఎంత తక్కువ చెయ్యాలె?"

"చూసుకుంట చూసుకుంట..."

"రేపు వచ్చే ఫొటోకు ఎంత? ఎల్లుండి దానికి ఎంత? అందాజ మీద నడుపనీకె ఇదేమన్న కల్లు దుకాణమా?"

అయినా చివరికి అదీ చేసింది. తెరను నమ్మకుండా, కళ్లు మూసుకుని బావిలో చేయి పెట్టినట్టు, పసుపు తగ్గించుకుంటూ పోయింది. తగ్గించిన కొద్దీ ముఖంలో రక్తం కూడా పోయింది. గుర్వమ్మ వచ్చి చూసి, "మన్ను పూసినట్టున్నది చెల్లే" అంది మెల్లగా. ఆమె ఎన్నడూ గొంతు పెంచలేదు. అదే అక్కను ఎక్కువ కాల్చింది. తిట్టే గిరాకీని తిరిగి తిట్టొచ్చు. ఆమె ఎటు తిరిగి కూర్చునేదో ఆ వీధి వైపు చూస్తూ అక్క కూడా కూర్చునేది.

పుష్యం సగం దాటింది. అక్క తిండి సరిగా తినడం లేదని బావ నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఆమె కాలిబ్రేటర్‌ను డబ్బాలో పెట్టి ప్యాక్ చేస్తోంది. బిళ్ల చెడిపోయిందని తేల్చేసింది. గోపీకృష్ణ మొఖాన కొడతానంది. అతను ఫోన్‌లోనే చెప్పాడట, కొరియర్ చేసే ముందు అద్దం జర స్పిరిట్‌తో తుడవండి మేడం, లేకపోతే కంపెనీవాళ్లు మీరే పాడు చేశారంటారు అని. అక్క దూదికి స్పిరిట్ అద్దింది. అద్దం మీద రుద్దింది. దూది తీసి చూసింది.

దూది పసుపుపచ్చగా ఉంది.

ఇంకో దూది తీసుకుంది. అదీ పచ్చగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత ఆ దూదిని నా ముక్కు దగ్గర పెట్టింది. స్పిరిట్ ఘాటులోంచి సన్నగా, వంటింటి వాసన.

దసరా నాడు ఆమె చేసే పూజ నాకు తెలుసు. మా నాయిన నాగలికి, కొడవలికి, గొడ్డలికి పెట్టినట్టే ఆమె స్టూడియోలో సమస్తానికీ బొట్టు పెడుతుంది. కెమెరాకు, స్టాండుకు, కాగితం కోసే కత్తికి, ప్రింటర్‌కు, మౌస్‌కు, ఆఖరికి స్విచ్చుబోర్డుకు. ముందు తడి పసుపు, దాని మీద కుంకుమ. ఆ నల్లబిళ్లకు ఎక్కడ పెట్టాలో చూసి ఉంటుంది. నడుమ గుండ్రంగా, నుదురులాగా కనిపించింది ఆ అద్దమే. మర్నాడు కుంకుమ తుడిచేసింది. పసుపు పలచని పొరగా అద్దం మీదే మిగిలింది. అప్పటి నుంచి ఆ కన్ను లోకాన్ని పసుపులోంచే చూస్తోంది. తెర పచ్చగా ఉందని లెక్కకట్టి, తెరకు నీలం పోస్తోంది. నీలం తెర చూసి అక్క ముఖాలకు పసుపు కలుపుతోంది. పొద్దున లేస్తే అదే పని.

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియని చప్పుడు చేసింది. బావ తలుపు దగ్గర నిలబడిపోయాడు. నవ్వితే ఏమవుతుందో అతనికి తెలుసు.

"నేను పెడుతుంటే మీరిద్దరేం చేస్తున్నరు?" అంది చివరికి.

"నువ్వు పూజ చేస్తుంటే మధ్యల మాట్లాడొద్దంటవు గద" అన్నాడు బావ.

"ఎన్నడన్న నా మాట విన్నరా మీరు? గా ఒక్కనాడే విన్నరా?"

బిళ్లను తుడిచి, మళ్లీ తెర మీద వేలాడదీసింది. అంతా అయ్యేసరికి బావ తీసిన పెళ్లిళ్లలో మనుషులకు చలి పోయింది. పొరుగు స్టూడియోల వాళ్లకు ఈ సంగతి తెలియకూడదని మా ఇద్దరితో ఒట్టు వేయించుకుంది. ఇస్రాయేలుకు మాత్రం సాయంత్రానికే తెలిసిపోయింది. ఆ తర్వాతి దసరాలకు కూడా బిళ్లకు పూజ మానలేదు. బొట్టు మాత్రం డబ్బాకు పెట్టేది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కాలేదు.

అక్షిత ఫొటో మళ్లీ ముద్రించింది. పసుపు లేదు, బూడిద లేదు. తెర మీద ఎట్లా ఉందో కాగితం మీద అట్లా ఉంది. గుర్వమ్మ వచ్చింది. ఫొటోను వెలుతురుకు పట్టుకుంది. పసుపు లేదని ఆమెకూ తెలిసింది. ముఖం మీద ఏదో కదిలింది. కానీ మళ్లీ బల్ల మీద పెట్టేసింది, ఈసారి బోర్లించలేదు.

"మంచిగున్నది చెల్లే. కని గీ పిల్లెవలు?"

అక్క ఫొటో వైపు చూసింది. నేనూ చూశాను. అప్పుడు కనిపించింది. గునుగుపూలు తెల్లగా ఉన్నాయి, దాదాపు అంత తెల్లగా పిల్ల బుగ్గలూ ఉన్నాయి. మొటిమ లేదు, మచ్చ లేదు, చెంపల నీడ లేదు. స్నేహితురాలి ఫోన్‌లో అందం పెంచే సెట్టింగ్ ఉంది. ఫొటో తీసేటప్పుడే అది పిల్లను తెల్లగా చేసేసింది. ఇన్నాళ్లూ పసుపు మీద కొట్లాటలో ఆ తెలుపు కనబడలేదు.

"మేం సున్నం కొట్టకుంటే ఫోనే కొట్టింది" అంది అక్క. ఆమె గొంతులో అంత అలసట నేను అంతకు ముందు వినలేదు. మనుషులు అడిగితే కాదని తరిమేయవచ్చు. ఎవరూ అడగకుండానే చేసిన దాన్ని ఏ సెట్టింగ్‌లో టిక్కు తీస్తే తీసేయగలం? ప్రొఫైళ్లన్నీ ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. అవి ఆ అబద్ధాన్ని చుక్క తేడా రాకుండా కాగితం మీద దింపుతున్నాయి.

వేరే ఫొటో ఏదైనా ఉందా అని అడిగింది. ఆధార్ కార్డు తెచ్చారు. అందులో పిల్ల గోలీ అంత ఉంది, బొగ్గు రంగులో ఉంది. "ఆధార్ల నేను గూడ దొంగ లెక్కనే ఉంట, ఇది పనికిరాదు" అంది.

"మరి మీ బిడ్డ ఏ రంగుండె అక్కా?"

గుర్వమ్మ ఆలోచించింది. "నల్లగ అనలేం. ఎర్రగ అనలేం. మా అక్షి రంగు."

అక్క నా వైపు తిరిగింది. తెలుగు చెప్పేవాణ్ని కదా, మాట అందిద్దామని చామనఛాయ అన్నాను. గోధుమ వన్నె అన్నాను. పండిన తాటిపండు మీద నీడ పడితే ఉండే రంగు అని కూడా ఏదో అన్నాను.

"పద్యం అడుగలేరా. రంగు అడిగిన" అంది.

మాఘం వచ్చేసింది. యాడాది దినం ఇంకా వారం లోపలే ఉందనగా, ఒక మధ్యాహ్నం నేను స్టూడియోకు పోతే అక్క లేదు. ఎక్కడికి పోయిందంటే, కాగితం కోసం కావచ్చు అన్నాడు బావ. సాయంత్రం పొద్దుగూకే వేళకు దిగింది, చెప్పులకు ఎర్రమన్ను, ముఖం ఎండకు కమిలి. వచ్చీ రాగానే తెర ముందు కూర్చుంది. ఏం చేసిందో మమ్మల్ని చూడనివ్వలేదు. మరునాడు కాటమయ్య వచ్చి గొంగట్లో చుట్టుకుని ఫొటో తీసుకుపోయాడు.

యాడాదికి మమ్మల్ని పిలిచారు. పోయాం. గోడ మీద ఆ పిల్ల ఉంది. తెలుపు లేదు, పసుపు లేదు. ముక్కు పక్కన చిన్న నీడ. వచ్చిన ముసలమ్మలు ఫొటో ముందు నిలబడి అక్షీ అని పేరు పెట్టి పిలిచి ఏడ్చారు. గుర్వమ్మ ఫొటో వైపే తిరిగి కూర్చుంది. తిరుగు దారిలో బస్సులో అడిగాను, ఏ సెట్టింగ్ మార్చినవక్కా అని.

"ఏదో చేసిన తియ్" అంది. కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

కొత్త ప్రొఫైల్ ఏదో తయారు చేసిందని నేను అనుకున్నాను. కాలేజీలో తోటివాళ్లకు అట్లాగే చెప్పాను. ఇంటర్ చదివిన మా అక్క సాఫ్ట్‌వేర్ మెడలు వంచిందని గొప్పగా చెప్పుకున్నాను. ఆమె కాదనలేదు, ఔననలేదు.

తర్వాత చాలా జరిగాయి. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం స్టూడియో షట్టర్ సగం దించి ఉండేది, పెళ్లిళ్లు లేవు. ఫోన్‌లకు ఫొటోలు వచ్చేవి, అన్నీ దినాల ఫొటోలే. కొందరు ఆధార్ కార్డే పంపారు. ఆ ఎండాకాలం అక్క ఎవర్నీ తిట్టలేదు. ప్రింటర్‌ను కూడా తిట్టలేదు. అది చూసి మాకు భయమేసింది. వానలు పడి, మొదటి పెళ్లి ఆల్బం వచ్చి, పిల్లను తెల్లగ చేయుమని మగపెళ్లివాళ్లు అడిగినప్పుడు, లోపలి నుంచి "ఏందీ?" అని అరుపు వినిపించింది. బావ నా వైపు చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

అక్క దినాలకు ఫొటో బావే ముద్రించాడు, ఆమె మెషీన్ మీదనే, ఆమె పెట్టిన సెట్టింగులు ఏవీ ముట్టుకోకుండా. మౌస్ ఈసారి అరచేత్తో పట్టుకున్నాడు.

గుర్వమ్మ, కాటమయ్య వచ్చారు. ఆమె జుట్టు నెరిసింది. భోజనాలప్పుడు తినకుండా వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఏదో అనాలి కదా అని, నీ బిడ్డ ఫొటో కోసం మా అక్క కంప్యూటర్‌తో ఎంత కొట్లాడిందో నీకు తెలియదు గుర్వమ్మా, అన్నాను. చివరికి దానికి కొత్త ప్రొఫైల్ చేసి రంగు రాబట్టింది, అన్నాను.

"కంప్యూటర్ యాడిది తమ్మీ?" అంది గుర్వమ్మ. "ఒకనాడు పగటీలి మా గొర్ల దొడ్డికాడికి వచ్చె. సంచి నిండ కాగితం ముక్కలు, అన్ని నా బిడ్డె బుగ్గలే, ఒక్కోటి ఒక్కో రంగు. నీ బిడ్డె నీ లెక్క ఉండెనా, ఆయన లెక్క ఉండెనా అన్నది. నా లెక్కనే అన్న. నా చెయ్యి పట్టుకొని ఒక్కో ముక్క పెట్టుడు, సూసుడు, తీసుడు. ఒక్కటి కలువకపాయె. తల పట్టుకొని గొర్ల నడుమ కూలబడ్డది. అప్పుడు నేనే అన్న, నా చెయ్యి ఎండకు మాడింది చెల్లే, నా బిడ్డె ఎండకు యాడ తిరిగింది, సదువుకుంటుండె గద, అని."

రవిక చేతిని భుజం వైపు జరిపి, చేయి తిప్పి, ఎండ ఎన్నడూ సోకని లోపలి వైపు నాకు చూపించింది.

"గీడ కలిసింది."